ఊఁ కొట్టేవాడు

బాగేపల్లి మొత్తానికి తెలుగు నవలలు చదివేవాడు ఒక్కడు, వినేవాడు ఒక్కడు. చదివేవాడు కన్నడ బడి మేష్ట్రు ఆంజనేయప్ప. వినేవాడు చెనక్కాయల వ్యాపారి బయ్యప్ప. బుధవారం పొద్దున వినేవాడు కన్నుమూశాడు. ఆ సాయంత్రమే చింతామణి నుంచి బొగ్గుబస్సులో నవల రెండో భాగం వచ్చింది.

ఆ బస్సు ఒక రోజు ముందు వచ్చి ఉంటే ఈ కథే ఉండేది కాదు. కానీ యుద్ధం పుణ్యమా అని పెట్రోలు కరువై, బస్సు వెనకాల బొగ్గుల పొయ్యి తగిలించిన నాటినుంచీ అది ఎప్పుడొస్తుందో డ్రైవరుకే తెలియదు. మిట్ట వస్తే జనం దిగి తొయ్యాలి. పల్లం వస్తే దేవుణ్ణి తలుచుకోవాలి. ఆంజనేయప్ప శ్మశానం నుంచి తడిగుడ్డలతో తిరిగొస్తూ ఆ బస్సుకు ఎదురుపడ్డాడు. పుస్తకం పొట్లం చేతికందుకుని నడిరోడ్డు మీద నిలబడి బావురుమన్నాడు. చూసినవాళ్ళు స్నేహమంటే ఇదీ అనుకున్నారు. స్నేహమే, కాదనడానికి లేదు. కానీ ఆ ఏడుపులో సగం, నవలలో జమీందారుని చంపిందెవరో తెలుసుకోకుండానే బయ్యప్ప పోయాడే అని.

ఏళ్ళ తరబడి దీపాలు పెట్టే వేళకు ఆంజనేయప్ప పుస్తకం చంకన పెట్టుకుని బయ్యప్ప ఇంటి తిన్నె మీదికి చేరేవాడు. పగలంతా పిల్లలకు కన్నడ దిద్దించిన నోటికి సాయంత్రం తెలుగు దొరికితే చెరుకు ముక్క దొరికినట్టుండేది. గొంతు మంచిదే. మంచిదన్న సంగతి అందరికన్నా ముందు అతనికే తెలుసు. జమీందారుకొక గొంతు, డాక్టరుకొక గొంతు, దివానుకొక గొంతు పెట్టి చదివేవాడు. ఆడగొంతు పెట్టినప్పుడు మాత్రం వీధిలో పోయే కుక్కలు ఆగి చూసేవి. బయ్యప్ప గోడకు ఆనుకుని, తలపాగా కళ్ళమీదికి లాక్కుని, మెల్లగా తల ఊపుతూ "ఊఁ... ఊఁ..." అనేవాడు. ఊఁ కొట్టేవాడు లేకపోతే చెప్పేది కథ ఎట్లా అవుతుంది? ఒంటరి వాగుడవుతుంది. 'నా చదువు రుచి తెలిసినవాడు తాలూకా మొత్తానికి బయ్యప్పొక్కడే' అని ఆంజనేయప్ప బడిలో తోటి మేష్ట్రులకు కూడా చెప్పేవాడు. వాళ్ళు వినేవారు కాదు గనక అది నిజమే అయింది.

మొదటి భాగం ఆఖరి పేజీలో అపరాధ పరిశోధకుడు తాళం వేసిన గది మధ్య నిలబడి, "హంతకుడు మన మధ్యనే ఉన్నాడు" అన్నాడు. అక్కడితో పుస్తకం అయిపోయింది. కాగితం కరువని పేరు చెప్పి, రాసినవాడు కథను రెండు ముక్కలు కోసి అమ్ముకున్నాడు. ఆ ముక్క చదివిన తర్వాతే బయ్యప్పకు జ్వరం తగిలింది. జ్వరంలో అతను దేవుడి పేరెత్తలేదు, ఆస్తి మాటెత్తలేదు. ఆంజనేయప్ప చెయ్యి పట్టుకుని, "బస్సు వచ్చెనా?" అని అడిగాడు. అదే ఆఖరి మాట.

ఆ మాట ఆంజనేయప్పను తినేస్తోంది. దినం జరిగేదాకా జీవుడు ఇంట్లోనే తిరుగుతూ ఉంటాడని అందరూ నమ్మేదే. చనిపోయినవాడి తల ఆనిన చోట దీపం వెలుగుతూ ఉంటుంది, పక్కన చెంబులో నీళ్ళుంటాయి. దినం నాడు దీపాన్ని గడప దాటిస్తే జీవుడూ గడప దాటి వెళ్ళిపోతాడు. అంటే బయ్యప్పకు హంతకుడి పేరు చెప్పడానికి మిగిలింది ఆ వారమే. ఆంజనేయప్ప తానొక్కడూ ఇంట్లో కూర్చుని చదివేసుకోవచ్చు. చదవలేదు. అంటుకుని ఉన్న పేజీలను కత్తితో కొయ్యనైనా లేదు. ఇద్దరూ కలిసి మొదలుపెట్టిన కథను ఒక్కడే పూర్తిచేయడం స్నేహద్రోహమని అతని లెక్క.

చిక్కేమిటంటే, ఇల్లంతా చుట్టాలు. చావింట్లో దీపం ముందు కూర్చుని గట్టిగా చదివే హక్కు పురాణం చదివే పంతులుకే ఉంది. ఆ పంతులు చిక్కబళ్ళాపురం వెళ్ళి ఉన్నాడు. అక్కడెవరో పెద్ద ఆసామి పోయాడట. అక్కడ గోదానం, ఇక్కడ గోవుకు బదులు టెంకాయ. ఎవరి ఆత్మ ముందు తరించాలో పంతులుకు బాగా తెలుసు.

కర్మంతా బయ్యప్ప అన్న పిళ్ళప్ప చేతిమీద నడుస్తోంది. పాతపాళ్య మనిషి. ఆయనకు కళ్ళజోడు ఉంది, చదువు లేదు. కళ్ళజోడుంటే చదువున్నట్టేనని పాతపాళ్యలో ఒప్పుకున్నారు గనక ఆయనా ఒప్పుకున్నాడు. తమ్ముడు మంచం మీద ఉన్నప్పుడు కబురు పంపితే, చేనిలో పని ఉందని రాలేదు. తమ్ముడు పోయాక మాత్రం మొదటి బండికే వచ్చి, శవం మీద పడి, పలకరించడానికి వచ్చిన ప్రతివాడి భుజమూ తడిపాడు.

"పురాణం లేకుండా దినం చేస్తే మా వంశానికే మచ్చ, మేష్ట్రూ," అన్నాడాయన. "నువ్వు చదువుకున్నోడివి. వానికి సావాసగాడివి. నువ్వే చదవాల."

"నాకు యాడ అర్హతన్నా?" అన్నాడు ఆంజనేయప్ప. పిళ్ళప్ప రెండోసారి బతిమాలడానికి నోరు తెరిచేలోపే ఒప్పేసుకున్నాడు.

గూళూరు నుంచి ఎవరి ఇంట్లోదో పాత పురాణం తెప్పించారు. దాన్ని అప్పటికే చెదలు భక్తిగా పారాయణం చేసి ఉన్నాయి. పేజీ తిప్పితే పొడి రాలింది. ఆంజనేయప్ప దాన్ని కళ్ళకద్దుకుని పక్కన పెట్టి, దాని మీది పసుపుగుడ్డ చాటున రెండో భాగం తెరిచాడు. దీపం వైపు చూసి, మనసులో, 'బస్సు వచ్చెనప్పా' అన్నాడు.

తర్వాత రాగం ఎత్తుకున్నాడు. "అంతట ఆ దూత ఏమి చేసెననగా..." అని మొదలుపెట్టి పరిశోధకుణ్ణి యముడి దగ్గరినుంచి వచ్చిన దూతను చేశాడు. జమీందారు రాజయ్యాడు. పిస్తోలు పాశమైంది. మోటారుకారు విమానం, టెలిగ్రాము ఆకాశవాణి. డాక్టరు వైద్యుడయ్యాడు, దివాను దివానుగానే మిగిలాడు. వేలిముద్రల దగ్గర కాసేపు తడబడ్డాడు గానీ, "పాపి ఎక్కడ చెయ్యి పెట్టినా పాపము అచ్చుపడును" అని గట్టెక్కాడు. ఆ వాక్యానికి వెనక కూర్చున్న ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. పేజీ పేజీకీ అందరూ "గోవిందా గోవింద" అన్నారు.

చావింటికి వచ్చేవాళ్ళు మామూలుగా బొరుగులు తిని, బెల్లం కాఫీ తాగి, పోయినవాడు మంచివాడని చెప్పి లేస్తారు. ఈసారి ఎవరూ లేవలేదు. మర్నాడు ఇంకొంతమంది వచ్చారు. ఆ మర్నాడు తిన్నె నిండి వీధిలో చాపలు పరిచారు. బయ్యప్ప ముఖం ఎరుగనివాళ్ళు కూడా వచ్చి అతనికోసం ఏడ్చి, ముందు వరసలో చోటు పట్టుకున్నారు. పక్కింటి మునివెంకటమ్మ అయితే పొయ్యి ఆర్పేసి మరీ వచ్చింది. 

పిళ్ళప్ప ఛాతీ ఉబ్బింది. "ఈ ఘట్టమే మా తాత దినానికి గూడా చదివినారు," అని అందరికీ చెప్పాడు. "ఆ వైద్యుడుండాడే, వాడే చేసింటాడు. మా తాతప్పుడు గూడా వాడే చేసినాడు."

ఇంత జనం వింటున్నా ఆంజనేయప్పకు తృప్తి లేదు. ప్రతి వాక్యం చివరా అతని నాలుక ఒక్క క్షణం ఆగేది, ఒక ఊఁ కోసం. పురాణానికి ఎవరూ ఊఁ కొట్టరు. ఊఁ కొట్టేది కథకు. గోవిందలు ఎన్ని వినిపించినా ఆ ఒక్క ఊఁ లేక చదువు చప్పగా ఉండేది. దీపం కాస్త ఊగితే అదే ఊఁ అని సరిపెట్టుకునేవాడు. ఇంత జనంలో తానొక్కడే మిగిలిపోయానని అతనికి ఏడుపొచ్చేది.

అట్లా దీపం వైపు చూస్తూ చదువుతుండగా ఒక సాయంత్రం తప్పు దొర్లింది. "ఆ గది తాళంచెవి దివాను వస్త్రములందు దొరికినదని మునుపే చెప్పుకొంటిమి," అన్నాడు.

"వస్త్రాల్లో కాదు మేష్ట్రూ," అంది లోపలి వాకిలి వెనకనుంచి ఒక గొంతు. "పూలకుండీ కింద."

అది బయ్యప్ప పెళ్ళాం సులోచనమ్మ గొంతు. జనమంతా అటు తిరిగారు. పిళ్ళప్ప చేతులు జోడించి, "చూసినారా, దుఃఖంలో దేవుడే పలికిస్తాండాడు," అన్నాడు. అందరూ గోవిందా అన్నారు. ఆంజనేయప్ప మాత్రం పేజీ తిప్పడం మరిచి వాకిలి వైపు చూశాడు. పూలకుండీ సంగతి మొదటి భాగంలోది. అది తిన్నె మీద తను చదివాడు, బయ్యప్ప విన్నాడు. మూడో మనిషి లేదు.

మర్నాడు పొద్దున కాకికి పిండం పెట్టడానికి అందరూ పెరట్లోకి పోయారు. కాకి రాలేదు. పిళ్ళప్ప దాన్ని తమ్ముడి పేరుపెట్టి బతిమాలుతున్నాడు. ఆ సందు చూసుకుని ఆంజనేయప్ప నడిమింటి గడప దగ్గర కూర్చున్నాడు. మూలన సులోచనమ్మ ఉంది.

"అమ్మా, పూలకుండీ సంగతి బయ్యప్ప చెప్పినాడా?"

"ఆయన చెప్పేదేంది మేష్ట్రూ, నేనే ఆయనకు చెప్తాంటి," అందామె. "తిన్నె మీద కిటికీ ఉండాది గదా. దానికి ఈ పక్క కూర్చోని చెనక్కాయలు ఒలుచుకుంటా వింటాంటి."

"మరి వాడు?"

ఆమె కాసేపు తల దించుకుంది. "మీరు పుస్తకం తెరిచేదే ఆలస్యం, ఆయన నిద్రబోతాండె. పగలంతా మూటలెత్తే మనిషి. నిద్రలోనే ఊఁ కొడతాండె. చిన్నప్పుడు వాళ్ళవ్వ కతలు చెప్తాంటే అట్లా అలవాటయిందంట. తెల్లారి లేస్తానే, 'రాత్రి ఏమాయె చెప్పవే, మేష్ట్రు అడుగుతాడు' అంటాండె. నేను చెప్తే, అది మీకు చెప్తాండె."

ఆంజనేయప్ప పాత సాయంత్రాలు ఒక్కొక్కటీ గుర్తు చేసుకున్నాడు. బయ్యప్ప ఎన్ని తెలివైన మాటలన్నాడు! 'ఆ దివాను మరీ మంచోడిమాదిరి మాట్లాడతాండాడు మేష్ట్రూ, నమ్మకు' అంటే, ఇంతటి శ్రోత ఎవడికి దొరుకుతాడని తను పొంగిపోయాడు.

"జ్వరంలో బస్సు వచ్చెనా అని అడిగినాడే?"

"నాకోసరం అడిగినాడు," అంది సులోచనమ్మ. ఇప్పటిదాకా పొడిగా ఉన్న ఆమె కళ్ళు నిండాయి. "రెండో బాగం వస్తే చదివించు అంటి. నేను అడిగినానని జ్వరంలో గూడా మర్చిపోలే."

ఆంజనేయప్ప చరచరా ఇంటికొచ్చి తలుపేసుకున్నాడు. ఇన్నేళ్ళు తను కథలు చెప్పింది నిద్రకు. గురక అయినా పెట్టి ఉంటే తెలిసి చచ్చేది. ఊఁ కొట్టి మోసం చేశాడు. ఆ తల ఊపడం మెచ్చుకోలనుకున్నాడు తను. కునికిపాట్లు! చచ్చినవాణ్ణి తిట్టకూడదంటారు గానీ, ఆంజనేయప్ప తనకు తెలిసిన రెండు భాషల్లోనూ తిట్టాడు. సాయంత్రం గొంతు పోయిందని కబురు పంపాడు.

పిళ్ళప్ప గూళూరు పురాణం తెచ్చినవాణ్ణే చదవమన్నాడు. చెదలు వదిలిన చోట అతను చదివాడు. రెండో పద్యానికి తిన్నె ఖాళీ అయింది. "ఆ దూత లేకుంటే నేనెందుకు రావాల?" అని మునివెంకటమ్మ మొహం మీదే అనేసింది. కాసేపటికి ఆంజనేయప్ప ఇంటికి ఊరు కదిలింది. ఒకరు మిరియాల కషాయం తెచ్చారు, ఒకరు శొంఠి, ఒకరు పటికబెల్లం. ఒకాయన మెడకు కట్టమని వేడి ఉప్పుమూట పంపాడు. బయ్యప్పకు జ్వరం వచ్చినప్పుడు వీళ్ళలో సగంమంది మందు మాట అటుంచి, మంచినీళ్ళిచ్చిన పాపాన పోలేదు.

అవన్నీ వరసగా పెట్టుకుని, ఏదీ తాగకుండా, ఆంజనేయప్ప గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. కోపం ఎంత ఊదినా మండడం లేదు. బయ్యప్పకు నిద్రే కావాలంటే లోపల చాప ఉంది, దిండు ఉంది, విసనకర్రతో విసిరే పెళ్ళాం ఉంది. అవన్నీ వదిలి ఆ రాతిగోడకు ఆనుకుని ఎందుకు నిద్రపోయినట్టు? చలిలో వచ్చాడు, వానలో వచ్చాడు. తెల్లారి లేచి పెళ్ళాం దగ్గర పాఠం వల్లించుకుని, మేష్ట్రు మనసు నొచ్చుకోకుండా అప్పజెప్పాడు. కథ కోసమైతే ఎవడైనా వస్తాడు. కథ అక్కర్లేకపోయినా వచ్చినవాడు వాడొక్కడే. ఆంజనేయప్ప మళ్ళీ ఏడ్చాడు. ఈసారి ఏడుపులో జమీందారు లేడు.

దినం నాడు మధ్యాహ్నానికే వెళ్ళి దీపం ముందు కూర్చున్నాడు. ఇవాళ్టితో దీపం పోతుంది. రేపటినుంచి సులోచనమ్మను ఏడాది లోపలి గదిలో కూర్చోబెడతారు, ఆ కిటికీ పక్కకు వచ్చే వీలుంటుందో ఉండదో. బయ్యప్ప అడిగింది ఆమెకోసమే అయితే, బాకీ తీర్చవలసిందీ ఆమెకే. ఆంజనేయప్ప గుక్క తిప్పుకోకుండా చదివాడు. పొద్దు వాలేసరికి పరిశోధకుడు అందరినీ ఒక గదిలో చేర్చి తలుపు మూశాడు. ఒక్క అధ్యాయం మిగిలింది.

పిళ్ళప్ప లేచి దీపం దగ్గరికి వచ్చాడు. "చాలు మేష్ట్రూ. పొద్దు పోతాంది, దీపం తీయాల. పురాణానికి తుదెక్కడ? మిగిలింది గోవిందా అనుకుందాం."

జనం అటూ ఇటూ కదిలారు గానీ పెద్దమనిషికి ఎదురు చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. ఆంజనేయప్ప ఆయన వైపు చూడలేదు. పసుపుగుడ్డ తీసి పక్కన పెట్టాడు. రాగం మానేసి, తిన్నె మీద చదివే గొంతుతో ఉన్నది ఉన్నట్టు చదివాడు. "పరిశోధకుడు పిస్తోలు తీసి బల్లమీద పెట్టాడు." అలవాటుకొద్దీ ఆగాడు.

"ఊఁ," అంది వాకిలి వెనకనుంచి సులోచనమ్మ.

పిళ్ళప్ప చెయ్యి దీపం మీద ఆగిపోయింది. పురాణానికి ఊఁ ఏమిటి? ఈ పిస్తోలెక్కడిది? అందరికీ అర్థమైంది. ఎవరూ అర్థమైందని చెప్పలేదు. చెబితే వారంరోజులు దేనికి గోవిందలు కొట్టారో కూడా చెప్పుకోవాలి.

"అతను గదిలో ఒక్కొక్కరి ముఖమూ చూశాడు."

"ఊఁ," అంది మునివెంకటమ్మ.

"డాక్టరు చెమట తుడుచుకున్నాడు."

"ఊఁ," అన్నారు ముందు వరసంతా. పిళ్ళప్ప అటు చూసి ఇటు చూసి, మెల్లగా కూర్చుని, కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. డాక్టరు పేరు వచ్చింది గదా. "ఊఁ," అన్నాడు.

ఆంజనేయప్ప చదివాడు. తాళంచెవి పూలకుండీ కిందికి ఎట్లా వచ్చిందో చెప్పాడు పరిశోధకుడు. చంపింది డాక్టరు కాదన్నాడు, దివానూ కాదన్నాడు. చెయ్యెత్తి చూపించాడు. చంపింది జమీందారు సొంత అన్న. చావు కబురు అందగానే వచ్చి, శవం మీద పడి, అందరికన్నా గట్టిగా ఏడ్చినవాడు.

ఈసారి ఊఁ ఎవరూ అనలేదు. తలలన్నీ ఒకటొకటిగా పిళ్ళప్ప వైపు తిరిగాయి.

"ఏందప్పా అట్లా చూస్తాండారు?" అన్నాడాయన. మళ్ళీ కళ్ళజోడు పెట్టుకున్నాడు. "నా తమ్ముడు పోయింది జ్వరంతో! వాడు పోయినప్పుడు నేను పాతపాళ్యలో ఉంటిని! ఎవుర్నన్నా అడగండి!"

"అడిగేదెందుకు?" అంది మునివెంకటమ్మ. "మేమూ అదే అంటాండాం గదప్పా. నువ్వు పాతపాళ్యలోనే ఉంటివి."

పిళ్ళప్ప ఏడ్చాడు. వచ్చిన నాటినుంచీ ఆయన ఏడుస్తూనే ఉన్నాడు గానీ, చప్పుడు లేకుండా ఏడవడం అదే మొదటిసారి. పక్కనున్నవాడి భుజం కూడా వెతుక్కోలేదు. కాసేపటికి లేచి, తమ్ముడి దీపాన్ని రెండు చేతులతో జాగ్రత్తగా ఎత్తుకుని గడప దాటించాడు.

జనం సర్దుకున్నాక ఆంజనేయప్ప తిన్నె మీద కూలబడ్డాడు. తన చోట కాదు, బయ్యప్ప చోట. గోడమీద తలపాగా ఆనిన నూనె మరక ఉంది. దానికి తల ఆనించి కళ్ళు మూసుకుని చూశాడు. రాళ్ళు వీపును పొడిచాయి, చీమలు కుట్టాయి. అట్లా కాసేపు కూడా ఉండలేకపోయాడు.

"మేష్ట్రూ," అంది కిటికీ వెనక సులోచనమ్మ. లోపల చెనక్కాయల చప్పుడు వినిపిస్తోంది. "నెలనెలా మాసికం పెట్టాల గదా. దానికి గూడా పురాణం ఉండాలని బావ అంటాండాడు."

"ఆయనా? ఆయన వస్తాడా అమ్మా ఇంక?"

"రాకేమి? ఆ అన్నకు ఉరేసినారో లేదో పుస్తకంలో చెప్పలేదని కొట్టుకుంటాండాడు." తర్వాత మెల్లగా అడిగింది. "మూడో బాగం ఉండాదా మేష్ట్రూ?"

ఆంజనేయప్ప చింతామణి రోడ్డు వైపు చూశాడు. దూరంగా మిట్ట దగ్గర జనం దిగి దేన్నో తోస్తున్నారు.

"బస్సు రానీ అమ్మా," అన్నాడు.

"ఊఁ," అంది ఆమె.